రక్తం గోలీ, నిమ్మచెక్క, గంట ఆగి చాయ్

ఐదో నెల గర్భంతో ఉన్న ఒక కోడలు నేను నర్సుగా ఉన్న ఆరోగ్య సబ్ సెంటర్‌కు వచ్చింది. రక్తంలో హిమోగ్లోబిన్ 8.1, ఉండాల్సింది 11. పీహెచ్‌సీ డాక్టరు గారు రోజుకు రెండు ఐరన్ మాత్రలు రాశారు. నేను లెక్కపెట్టి ఇచ్చి కార్డు మీద రాసుకున్నాను. నెల తర్వాత మళ్లీ చూస్తే 8.2. "వేసుకుంటున్నావా బిడ్డా?" అని అడిగితే "ఒక్కటి గూడ ఇడిసిపెట్టలే నర్సమ్మా" అంది. ఖాళీ అట్టలు కూడా కొంగులోంచి తీసి చూపించింది.

మర్నాడు పొద్దున్నే వాళ్లింటికి వెళ్లాను. ఆ పిల్ల వాకిలి ఊడ్చి, బర్రె పాలు పితికి వచ్చి, అత్త ఇచ్చిన చాయ్ గ్లాసు పట్టుకుని అరుగు మీద కూర్చుంది. మాత్ర నోట్లో వేసుకుని చాయ్‌తో మింగింది. రాత్రి మాత్ర పాలతో అట. బలం గోలీ కదా, పాలతో వేసుకుంటే ఇంకా బలం అని అత్త చెప్పింది. ఆమె కోడలి మంచి కోరే చెప్పింది. తప్పు నాది. ఎన్ని వేసుకోవాలో చెప్పాను, దేనితో వేసుకోవాలో చెప్పలేదు.

చాయ్‌లోని వగరు ఇనుమును పట్టేసుకుంటుంది. పాలలోని కాల్షియం దానికి అడ్డం పడుతుంది. అందుకని మాత్రల వేళలు మార్చాం. పొద్దున చాయ్ తాగితే తాగమన్నాను. ఒక మాత్ర మధ్యాహ్నం అన్నం తిన్న గంటకు, సగం నిమ్మచెక్క పిండిన నీళ్లతో. రెండోది రాత్రి పడుకునేముందు మంచినీళ్లతో. పై నెల 9.3 వచ్చింది. కాన్పు నాటికి 10.6. మాత్రలు అవే, మనిషీ ఆమే.

నేను 1988లో ఏఎన్ఎం నర్సుగా చేరి 2019లో రిటైరయ్యాను. ఉద్యోగమంతా నల్లగొండ జిల్లాలో మునుగోడు, మర్రిగూడ వైపు ఊళ్లలోనే గడిచింది. విటమిన్లు, ఖనిజాల గురించి ఇప్పుడు ఫోన్లలో బోలెడు చెబుతున్నారు. దేంట్లో ఏముందో చెప్పేవాళ్లు చాలామంది. అది ఒంటికి ఎలా పడుతుందో చెప్పేవాళ్లు తక్కువ. ఆ రెండో సంగతి నాకు ఇళ్లు తిరిగితేనే తెలిసింది, అందుకే రాస్తున్నాను.

ముందు రక్తం ఎంతుందో తెలుసుకోండి

మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. అంటే ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు ఉంటే ఒకరికి ఉండే అవకాశం ఎక్కువ. అయినా ఎవరూ జబ్బు అనుకోరు. "పని ఎక్కువైంది, అందుకే ఆయాసం" అనుకుంటారు.

కింది కనురెప్పను కిందికి లాగి లోపల చూడండి. ఎర్రగా ఉండాల్సింది పాలిపోయి ఉందా? నాలుక నున్నగా, తెల్లగా ఉందా? అరచేతి గీతల్లో ఎరుపు కనిపిస్తోందా? మెట్లెక్కితే గుండె దడదడలాడుతోందా? వీటితో పాటు నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఇంకొకటి ఉంది. బియ్యం నమలాలని, బలపం, మట్టి తినాలని అనిపిస్తోందా? ఈ మాట ఆడవాళ్లు సిగ్గుపడి చెప్పరు. పక్కన ఎవరూ లేనప్పుడు మెల్లగా అడగాలి. బడికి వెళ్లే ఆడపిల్లలు చాక్‌పీసులు తింటుంటే కొట్టకండి, తిట్టకండి. పరీక్ష చేయించండి. చాలాసార్లు ఒంట్లో ఇనుము తగ్గితేనే ఆ కోరిక పుడుతుంది.

కళ్లు చూసి అనుమానించాలి, పరీక్షతో తేల్చుకోవాలి. నేను చేరిన కొత్తలో సాహ్లీ గొట్టం ఉండేది. యాసిడ్‌లో రక్తం చుక్క వేసి, నీళ్లు కలుపుతూ, పక్కనున్న గోధుమరంగు గాజుతో రంగు పోల్చుకోవాలి. సాయంత్రం వెలుగు తగ్గితే లెక్క తప్పేది. ఇప్పుడు చిన్న మెషిన్ నిమిషంలో అంకె చూపిస్తుంది. హిమోగ్లోబిన్ గర్భిణికి 11 గ్రాములు, మిగతా ఆడవాళ్లకు 12, మగవాళ్లకు 13 ఉండాలి. ఆ కింద ఉంటే రక్తహీనత. 7 కన్నా తగ్గితే ఇంట్లో తిండితో సరిచేసుకుందామని చూడకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మగవాళ్లకు గానీ, ముట్లు ఆగిన ఆడవాళ్లకు గానీ రక్తం తగ్గితే మాత్ర కన్నా ముందు కారణం వెతకాలి. కడుపులో పుండో, మొలలో, ఇంకేదైనానో, ఎక్కడో రక్తం పోతూ ఉండొచ్చు.

ఇనుము ఎక్కువ ఉన్న తిండి, పట్టే తిండి

"రక్తం పట్టాలంటే ఏం తినాలె?" అని అడిగితే ఊళ్లో చెప్పేవి మూడు: బీట్‌రూట్, దానిమ్మ, ఖర్జూరం. బీట్‌రూట్ ఎర్రగా ఉంటుంది కాబట్టి రక్తం పడుతుందని నమ్మకం. నిజానికి 100 గ్రాముల బీట్‌రూట్‌లో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. దానిమ్మలో ఇంకా తక్కువ. కూలికి పోయే ఇల్లాలు దానిమ్మ పండ్లకు డబ్బు పెడుతుంటే నాకు ప్రాణం ఉసూరుమనేది. ఆ డబ్బుతో వారానికి సరిపడా సజ్జలు, ఆకుకూరలు, నిమ్మకాయలు వస్తాయి.

సజ్జల్లో 100 గ్రాములకు ఆరు మిల్లీగ్రాముల పైనే ఇనుము ఉంటుంది. పాలిష్ పట్టిన తెల్ల బియ్యంలో ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. మా అమ్మ కాలంలో రాత్రిపూట సజ్జ రొట్టో జొన్న రొట్టో ఉండేది. ఇప్పుడు మూడు పూటలా తెల్లన్నమే. రాత్రి ఒక్కపూట రొట్టెకు మారమని నేను చెప్పేదాన్ని. షుగరు వచ్చాక డాక్టరు చెబితే ఎలాగూ మారుతున్నారు, ముందే మారితే మంచిది కదా.

జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం నెలసరి వచ్చే స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, మగవాళ్లకు 19. ప్రతి నెలా పోయే రక్తాన్ని పూడ్చుకోవాలి కాబట్టే ఆ తేడా. మరి మన ఇళ్లలో ముందు మగవాళ్లకు, పిల్లలకు వడ్డించి, అడుగున మిగిలిన కూర ఎవరు తింటున్నారు? అత్తలకు నేను ఈ అంకె చెప్పే ఒప్పించాను. కోడలికి ఎక్కువ పెట్టమంటే కోపం వస్తుంది. అంకె చెబితే ఆలోచిస్తారు.

ఇంత కావాలని ఎందుకంటారంటే, ఆకుల్లో, గింజల్లో ఉన్న ఇనుములో పదో వంతు కూడా ఒంటికి పట్టదు. మాంసం, చేపలు, కార్జంలో ఉన్నది దానికన్నా చాలా బాగా పడుతుంది. తినేవాళ్లు వారానికి ఒకసారి కొద్దిగా కార్జం తింటే మంచిది. గర్భిణులు మాత్రం డాక్టరును అడిగి తినాలి, అందులో విటమిన్ ఎ మరీ ఎక్కువ. మాంసం తినని ఇంట్లో ఏం చేయాలంటే, పట్టేటట్టు చేసే పనులు నాలుగున్నాయి.

అన్నిటికన్నా ముఖ్యమైంది పులుపు. విటమిన్ సి పక్కనుంటే ఆకుకూరలోని ఇనుము రెండు మూడు రెట్లు ఎక్కువ పడుతుంది. అయితే విటమిన్ సి వేడికి చాలా వరకు పోతుంది. అందుకని నిమ్మకాయను ఉడుకుతున్న పప్పులో పిండకండి. పొయ్యి మీంచి దించి, పళ్లెంలో వడ్డించాక పిండుకోండి. తోటకూర పప్పుతో పాటు పచ్చి ఉల్లిగడ్డ ముక్క, పచ్చి టమాటా, కొత్తిమీర పెట్టుకోండి. అన్నం అయ్యాక సగం జామకాయ తినండి. జామలో 100 గ్రాములకు 200 మిల్లీగ్రాముల పైన విటమిన్ సి ఉంటుంది, ఉసిరిలో కూడా అంతకు తగ్గదు. నారింజలో అందులో సగం కూడా ఉండదు. జామచెట్టు పెరట్లోనే ఉంటుంది, కాయలేమో చిలకలు కొట్టి రాలిపోతుంటాయి. జ్వరమొచ్చినవాళ్లను చూడబోతూ మనం నారింజలు కొనుక్కెళతాం. కార్తీకంలో ఉసిరికాయలు వచ్చినప్పుడు రోజుకొకటి పచ్చిది తినే అలవాటు చేసుకోండి.

రెండోది చాయ్ వేళ మార్చడం. భోజనంతో పాటే చాయ్ తాగితే ఆ భోజనంలోని ఇనుము పట్టడం సగానికి పైగా తగ్గిపోగలదు. కాఫీ కూడా అంతే. చాయ్ మానమని నేను ఎవరికీ చెప్పలేదు, చెప్పినా వినరు. కూలికి పోయే మనిషికి ఆ చాయే ఓపిక. తిండికి గంట ముందో, గంట తర్వాతో తాగమన్నాను. చాయ్‌లో రొట్టె ముంచుకుని తినే ఇళ్లలో రొట్టెకు పప్పు, చాయ్ విడిగా చేయించాను. ఈ ఒక్క మార్పూ పైసా ఖర్చు లేనిది.

మూడోది నానబెట్టడం, మొలకెత్తించడం. గింజల పొట్టులో ఫైటేట్ అనే పదార్థం ఉంటుంది. అది ఇనుమునూ జింకునూ పట్టుకుని వదలదు. పెసలు, శనగలు, రాగులు రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, బట్టలో మూటకట్టి మొలకలు వచ్చేదాకా ఉంచితే ఆ ఫైటేట్ తగ్గుతుంది. పైగా ఎండు గింజలో లేని విటమిన్ సి మొలకలో పుడుతుంది. ఇడ్లీ పిండి పులిసినప్పుడూ ఫైటేట్ తగ్గుతుంది. కాబట్టి అప్పటికప్పుడు సోడా వేసి చేసే ఇడ్లీ కన్నా రాత్రంతా పులిసిన పిండి మేలు.

నాలుగోది ఇనుప మూకుడు. అటక మీద పెట్టేసిన ఇనుప మూకుడు దించి, టమాటా వేసిన ఆకుకూర అందులో వండండి. పులుపుకు మూకుడులోని ఇనుము కొంత కూరలోకి దిగుతుంది. కూర కాస్త నల్లబడుతుంది. భయపడక్కర్లేదు. వండగానే వేరే గిన్నెలోకి తీసుకోండి.

ఇక ఆకుకూర అంటే పాలకూర ఒక్కటే అనుకోవద్దు. మా వైపు వానలు పడగానే చేలగట్ల మీద గంగవాయిలు కూర, పొన్నగంటి కూర మొలుస్తాయి. ఎండాకాలం మొదట్లో చింతచిగురు వస్తుంది. మునగాకు ఏడాదంతా ఉంటుంది. ఇవన్నీ ఉచితం. మునగాకు చేదు అనే పిల్లలకు వేయించి, పల్లీలు, ఎండుమిర్చి, వెల్లుల్లి కలిపి పొడి కొట్టి పెట్టండి. వేడి అన్నంలో నెయ్యితో కలిపి ముద్ద పెడితే అడిగి మరీ తింటారు.

మాత్ర వేసుకునే పద్ధతి

రక్తం తగ్గినప్పుడు తిండి ఒక్కటే సరిపోదు. ఇది గట్టిగా చెబుతున్నాను. తిండి రక్తం తగ్గకుండా కాపాడుతుంది. తగ్గిపోయినదాన్ని నెలల్లో పైకి తేవడానికి మాత్ర కావాలి. గర్భిణులకు సర్కారు ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పయ్యాక ఇంకో 180 రోజులు. రక్తం తక్కువ ఉంటే డాక్టరు రెండు రాస్తారు. ఎదిగే పిల్లలకు నీలి మాత్ర వారానికొకటి. చిన్నపిల్లలకు గులాబీ మాత్ర.

మాత్ర వేసుకుంటే దొడ్డికి నల్లగా వస్తుంది. ఇది ముందే చెప్పాలి. చెప్పకపోతే రెండో రోజే భయపడి మానేస్తారు. కొందరికి వికారం, మలబద్ధకం ఉంటాయి. అలాంటివాళ్లు అన్నం తిన్న గంటకు, లేదా పడుకునేముందు వేసుకోవాలి. నీళ్లు బాగా తాగాలి. అయినా పడకపోతే మానేయకుండా డాక్టరుకు చెబితే వేరే రకం ఇస్తారు. "గోలీలు తింటే నల్ల బిడ్డ పుడతడు", "బిడ్డ పెద్దగై ఆపరేషన్ అయితది" అనే మాటలు నేను ఉద్యోగమంతా విన్నాను. రెండూ నిజం కాదు. బిడ్డ రంగు అమ్మానాన్నల నుంచి వస్తుంది. తల్లికి రక్తం లేకపోతే బిడ్డ బరువు తగ్గుతుంది, కాన్పులో కాస్త రక్తం పోయినా తల్లి ప్రాణం మీదికి వస్తుంది. ఈ రెండో మాట చెప్పేటప్పుడు నా గొంతు ఇప్పటికీ బరువెక్కుతుంది.

గర్భిణికి కాల్షియం మాత్రలు కూడా ఇస్తారు. ఐరన్‌నూ కాల్షియాన్నీ ఒకేసారి వేసుకోకండి, మధ్యలో కనీసం రెండు గంటలు ఉండాలి. మా దగ్గర సులువుగా గుర్తుండే పద్ధతి ఒకటి పెట్టాం. కాల్షియం పొద్దున టిఫిన్‌తో ఒకటి, సాయంత్రం తిండితో ఒకటి, ఐరన్ పడుకునేముందు.

ఫోలిక్ యాసిడ్ సంగతికి వస్తే, పెళ్లయి పిల్లలు కావాలనుకునే రోజు నుంచే డాక్టరును అడిగి అది మొదలుపెట్టాలి. కడుపులో బిడ్డ వెన్నెముక నాళం సరిగ్గా మూసుకోవాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి, అది గర్భం నిలిచిన నాలుగు వారాల్లోపే మూసుకుపోతుంది. నెల తప్పిందని తెలిసేసరికే ఆ పని అయిపోతుంది. ఈ విటమిన్‌కు ఆ పేరు ఆకు అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని నడిపింది మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. స్ప్రూ అనే పేగుల జబ్బుకు సొంత అన్నదమ్ములను పోగొట్టుకుని, తానూ ఆ జబ్బు పడి లేచిన మనిషి. 1945లో అమెరికాలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారు చేసింది, అదే ఆ జబ్బుకు మందుగా కూడా పనికొచ్చింది. ఎర్ర మాత్ర చేతిలో పెడుతూ ఈ కథ చెబితే డిగ్రీ చదివే ఆడపిల్లలు శ్రద్ధగా వినేవాళ్లు.

నెలకు హిమోగ్లోబిన్ కనీసం ఒక గ్రాము పెరగాలి. పెరగకపోతే మాత్ర దేనితో వేసుకుంటున్నారో చూడాలి, కడుపులో పురుగులున్నాయేమో చూడాలి. చెప్పుల్లేకుండా పొలంలో తిరిగేవాళ్లకు పాదాల నుంచి కొంకి పురుగు ఎక్కి పేగుల్లో రక్తం తాగుతుంది. బడుల్లో ఏటా ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో ఇచ్చే నులిపురుగుల మాత్ర పిల్లల చేత తప్పకుండా వేయించండి. అయినా పెరగకపోతే తలసీమియా లాంటి పుట్టుకతో వచ్చే రక్తం జబ్బులు ఉన్నాయేమో డాక్టరు చూడాలి. ఉంటే ఐరన్ మాత్రలు పని చేయవు, కొన్నిసార్లు చెడు కూడా చేస్తాయి. రక్తం మామూలుకు వచ్చాక కూడా మూడు నెలలు మాత్రలు కొనసాగించాలి. ఒంట్లో నిల్వ చేరేది అప్పుడే.

మా ఊళ్ల నీళ్లు, ఎముకలు

మర్రిగూడ వైపు తిరిగినదాన్ని కాబట్టి కాల్షియం అనగానే నాకు ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. తాగే నీళ్లలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడ్, మా బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. పసుపు గారలు కట్టిన పళ్లు, వంగిపోయిన నడుములు, మోకాళ్లు ఒకదానికొకటి తాకేట్టు వంకరపోయిన కాళ్లు. హైదరాబాద్ పోషకాహార సంస్థ వాళ్లు 1970ల్లోనే మా జిల్లా పిల్లల కాళ్ల గురించి పరిశోధన చేశారు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మా జిల్లా పేరే పెట్టారు, నల్గొండ టెక్నిక్ అని. ఇలా పేరు రావాలని ఏ ఊరూ కోరుకోదు.

అవే బోరు నీళ్లు తాగిన రెండిళ్ల పిల్లల్లో, పాలు, పెరుగు లేని ఇంటి పిల్లలకు కాళ్లు ఎక్కువ వంకరపోవడం నేను చూశాను. తిండిలో కాల్షియం చాలినంత ఉంటే కడుపులోనే కొంత ఫ్లోరైడ్‌ను పట్టుకుని బయటికి పంపేస్తుంది. కృష్ణా నీళ్లు వచ్చాక కొత్త పిల్లల్లో ఆ బాధ తగ్గింది. మీ ఇంట్లో ఇంకా బోరు నీళ్లే తాగుతుంటే ముందు నీళ్లు పరీక్ష చేయించండి. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఇంకో మాట, చాయ్ ఆకులో కూడా ఫ్లోరైడ్ ఉంటుంది. మా ఊళ్లలో డికాషన్ చాయ్ తగ్గించమనడానికి నాకు రెండు కారణాలు ఉండేవి.

పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. గ్లాసు పాలలో సుమారు 240 వస్తుంది. 50 గ్రాముల రాగిపిండితో చేసిన జావలో 170 పైన. ఒక కప్పు పెరుగు, గుప్పెడు మునగాకు, ఒక నువ్వుల లడ్డు కలిస్తే ఇంచుమించు సరిపోతుంది. నువ్వులు పొట్టు తీయనివి కొనండి, కాల్షియంలో ఎక్కువ భాగం పొట్టులోనే ఉంటుంది. సద్దుల బతుకమ్మ నాడు మనం చేసే నువ్వుల పొడి, పల్లీల పొడి ఏడాదికి ఒక్కరోజే ఎందుకు? నెలకోసారి కొట్టుకుని డబ్బాలో పెట్టుకుంటే పిల్లలు చెంచాడు చొప్పున తింటారు. పాలకూరలో కాల్షియం ఉన్నట్టు పట్టికల్లో కనిపిస్తుంది కానీ అందులోని ఆక్సలేట్ అనే పదార్థం దాన్ని కట్టేస్తుంది. కాల్షియం కోసం పాలకూరను నమ్ముకోవద్దు.

కాల్షియం పట్టాలంటే విటమిన్ డి కావాలి. అది తిండిలో చాలా తక్కువ, ఎండలోనే ఎక్కువ. పొద్దున ఏడింటి లేత ఎండ మంచిదని అందరూ అంటారు. ఒంట్లో విటమిన్ తయారుచేసే కిరణాలు ఆ వేళ బాగా తక్కువ. ఉదయం పదకొండు, మధ్యాహ్నం రెండు గంటల మధ్య, చేతులు, ముఖం, వీలైతే కాళ్లకు తగిలేట్టు ఇరవై నిమిషాలు ఉండాలి. కిటికీ అద్దం వెనక కూర్చుంటే పనికిరాదు, గాజు ఆ కిరణాలను ఆపేస్తుంది. ఎండాకాలంలో వడదెబ్బ తగలకుండా చూసుకోండి, అప్పుడు తక్కువసేపు చాలు.

మిగతావి, కొంచెం కొంచెంగా

విటమిన్ ఎ తగ్గితే రేచీకటి వస్తుంది. పొద్దుగూకగానే పిల్లవాడు గోడలు తడుముతూ నడుస్తుంటే, కంటి తెల్లగుడ్డు మీద సబ్బునురగ లాంటి మచ్చ కనిపిస్తే ఆ రోజే తీసుకెళ్లండి. తొమ్మిదో నెల టీకాతో మొదలుపెట్టి ఆరు నెలలకోసారి ఐదేళ్ల దాకా పోసే తొమ్మిది డోసులు వదలకండి. ఎర్ర గుమ్మడి, బొప్పాయి, క్యారెట్, మామిడి, ఆకుకూరల నుంచి ఇది వస్తుంది, కానీ నూనె లేకుండా పట్టదు. పిల్లల పప్పన్నంలో చెంచా నూనెనో నెయ్యో కలపండి.

బి విటమిన్లు నీళ్లలో కరిగిపోతాయి. బియ్యం నాలుగైదు సార్లు పిసికి కడిగి, గంజి వంచి పారబోస్తే వాటిలో చాలా భాగం పోతుంది. రెండుసార్లు కడిగి, అత్తెసరు వండండి. గంజి వంచితే అది పప్పులో పోయండి. ఒక్క గింజ మీదే బతకడం మంచిది కాదని కూడా మా వైపు వాళ్లకు చెప్పాలి. దక్కన్‌లో పప్పు, పాలు లేకుండా జొన్న రొట్టె మీదే బతికిన కూలీలకు మెడ చుట్టూ, చేతుల మీద చర్మం నల్లగా కాలినట్టయ్యే పెల్లాగ్రా వచ్చేది. పోషకాహార సంస్థలో గోపాలన్ గారి బృందం 1960ల్లో దాని మీద పనిచేసింది. రొట్టె మంచిదే, పక్కన పప్పు ఉండాలి.

బి12 మొక్కల్లో ఉండదు. పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలోనే ఉంటుంది. అరికాళ్లు తిమ్మిరెక్కడం, సూదులతో గుచ్చినట్టుండటం, నాలుక మంట, మతిమరుపు కనిపిస్తే పరీక్ష అడగండి. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బి12 తగ్గుతుంది. తిమ్మిర్లు వస్తే "షుగరు వల్లే" అని సరిపెట్టుకుంటారు. మా ఆయన విషయంలో నేనూ అలాగే ఏడాది పోగొట్టాను. పరీక్ష చేయిస్తే బి12 బాగా తక్కువ వచ్చింది, సూదులు వేయించాక ఆయన మళ్లీ సరిగ్గా నడిచారు.

పిల్లలకు విరేచనాలు అయితే ఓఆర్ఎస్‌తో పాటు జింక్ మాత్ర 14 రోజులు వేయాలి. మూడో రోజు విరేచనాలు ఆగగానే తల్లులు ఆపేస్తారు. ఆపొద్దు, మళ్లీ మళ్లీ రాకుండా కాపాడేది ఆ మిగతా రోజుల మాత్రలే. అయోడిన్ ఉప్పును మూత ఉన్న డబ్బాలో, పొయ్యికి దూరంగా పెట్టండి. కూర దించేముందు వేయండి. దొడ్డుప్పు వాడేవాళ్లు దాని సంచి మీద అయోడిన్ కలిపిందని రాసి ఉందో లేదో చూసుకోండి.

ఎక్కువైతే

కరీంనగర్ నుంచి మా మరదలు ఫోన్ చేసింది. మోకాళ్ల నొప్పులకని ఎవరో చెబితే విటమిన్ డి 60,000 యూనిట్ల పొడి వారానికొకటి చొప్పున ఎనిమిది నెలలుగా వాడుతోంది. ఎనిమిది వారాలు వాడమని రాసిన చీటీ మీదే మందుల షాపులో మళ్లీ మళ్లీ కొన్నది. వికారం, దాహం, మలబద్ధకం మొదలయ్యాయి. పరీక్షలో రక్తంలో కాల్షియం ఎక్కువుంది. కిడ్నీ దాకా పోకముందే దొరికింది, మా అదృష్టం.

బి, సి విటమిన్లు ఎక్కువైతే చాలావరకు మూత్రంలో పోతాయి. ఎ, డి అలా పోవు, కొవ్వులో, కాలేయంలో పేరుకుంటాయి. గర్భిణి విటమిన్ ఎ మాత్రలు సొంతంగా వాడితే బిడ్డకు అవకరం రావచ్చు. కాబట్టి చీటీ మీద ఎన్ని వారాలు అని రాశారో చదవండి. అది అయ్యాక మళ్లీ పరీక్ష చేయించుకున్నాకే తదుపరి మాట.

ఇంకొక్కటి. ఐరన్ మాత్రలు ఎర్రగా, తీపి పూతతో పిప్పరమెంట్లలా ఉంటాయి. చిన్నపిల్లలు గుప్పెడు మింగితే ప్రాణం పోతుంది. అమ్మ మాత్రలను తలగడ కింద, కిటికీలో పెట్టకండి. బియ్యం డబ్బా పైన, ఎత్తు అరలో పెట్టండి. పిల్లలు మింగారని ఏమాత్రం అనుమానం వచ్చినా, బాగానే ఆడుకుంటున్నారు కదా అని ఆగకండి. ఖాళీ అట్ట చేతిలో పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, ఎన్ని మింగారో డాక్టరు ఆ అట్ట చూసే లెక్క కడతారు.